పిల్లల ఆటనీ దాచిపెట్టండి!

"ఒక్క నిమిషంమా... సేవ్ చేసుకుని వస్తా!"

వీడియో గేము ఉన్న ప్రతి ఇంట్లోనూ అన్నం వేళకు వినబడే మాట ఇది. మనం ఒక కేక వేస్తాం, వాళ్లు ఒక్క నిమిషమంటారు. ఆ నిమిషం కాస్తా పది నిమిషాలవుతుంది. పప్పు చల్లారిపోతుంది, మన కోపం వేడెక్కుతుంది. ఇంతకీ ఆ 'సేవ్' అనేది ఏమిటి? చేస్తే ఎక్కడికి పోయి కూచుంటుంది? అది పోయినప్పుడు పిల్లలు అన్నం కూడా మానేసి అంతగా ఎందుకు ఏడుస్తారు? ఇవి అడిగి తెలుసుకున్న తల్లులు మనలో ఎంతమంది చెప్పండి!

ఆటంతా ఆ డిస్కులోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. డిస్కులో ఉండేది కంపెనీ వాళ్లు తయారుచేసిన ఆట. మన పిల్లవాడు ఆడినది అందులో ఉండదు, ఆ డిస్కు మీద కొత్తగా రాయడానికి వీలే లేదు. ఎంత దూరం వచ్చాడు, ఎన్ని మ్యాచులు గెలిచాడు, ఏ కారు సంపాదించాడు అనేదంతా మెషిను వేరేచోట రాసిపెట్టుకుంటుంది. పాత ప్లేస్టేషన్లలో అయితే అగ్గిపెట్టెంత మెమరీ కార్డులో, కొత్తవాటిలో అయితే మెషిను లోపలే.

మా వైపు వాళ్లకు ఇది మగ్గంతో పోల్చి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. కోడుమూరులోనూ, ఎమ్మిగనూరులోనూ మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాళ్లం. మగ్గం పాడైతే బాగుచేయించుకుంటాం. పోగు తెగితే అతుకుతాం. నేసిన నాలుగు గజాలూ పాడైపోతే మాత్రం నేసిన మనిషే మళ్లీ గుంతలో కాళ్లు పెట్టుకుని కూచోవాల. మెషిను మగ్గమైతే, డిస్కు నూలు, సేవ్ నేసిన బట్ట. మొదటి రెండూ డబ్బు పెడితే దొరుకుతాయి.

"చీరయితే అమ్ముకోవచ్చు. ఇదేం కూడు పెడుతుందమ్మా?" అన్నది మా అత్తమ్మ, ఈ పోలిక విని. ఆ మాటా నిజమే. పిల్లలు పొద్దస్తమానం టీవీకి అతుక్కుపోవాలని నేను రాయడం లేదు సుమా! మా ఇంట్లో ఆదివారం రెండు గంటలు, పరీక్షలప్పుడు అదీ బంద్. కానీ ఆ రెండేసి గంటల చొప్పున ఏడాదిపాటు ఓపిగ్గా కూడబెట్టుకున్నది ఒక్క వేలి నొక్కుతో పోవడం చిన్న విషయమని మాత్రం నేను అనుకోను. కథ రాసి, ఉన్న ఒక్క ప్రతినీ పోస్టు డబ్బాలో వేసినప్పుడల్లా గుండె దడదడలాడిన దాన్ని నేను. జిరాక్సు తీసుకునే అలవాటయ్యాకే నిద్రపట్టింది. పిల్లలకూ అట్లాంటి జిరాక్సు ఒకటుందని తెలిసి రాస్తున్నాను.

పూర్వం ఈ బాధే లేదు. 1990ల్లో మనవాళ్లు 'టీవీ గేము' అనేవారే, గుర్తుందా? పసుపుపచ్చ కేసెట్టు గుచ్చితే మారియో గెంతేవాడు. ఎంత దూరం పోయినా దాచుకోవడమనేది లేదు. ఏ లోకం దాకా చేరినా, కరెంటు పోతే మళ్లీ మొదటి గోడ దగ్గరికే! అప్పట్లో మా ఊరి కరెంటు సంగతి వేరే చెప్పాలా? రాకుమారిని విడిపించినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

పెద్ద దేశాల్లో అప్పటికే దారి కనిపెట్టారు. 1987లో అమెరికాలో వచ్చిన 'జెల్డా' ఆట కేసెట్టులో చిన్న బ్యాటరీ బిళ్ల పెట్టి, మెషిను ఆపినా ఆట గుర్తుండేటట్టు చేశారు. ఆ బిళ్ల అయిపోతే గుర్తూ పోతుంది. 1994లో జపానులో సోనీ వాళ్ల ప్లేస్టేషన్ వచ్చాక మెమరీ కార్డు అలవాటైంది. అందులో జాగా 128 కిలోబైట్లు, అంటే పదిహేను గళ్ల పోపులపెట్టె అనుకోండి. కొన్ని ఆటలు ఒక గడితో సరిపెట్టుకుంటే, కొన్ని నాలుగైదు ఆక్రమించేవి. 2000లో ప్లేస్టేషన్ 2 వచ్చింది, దాని కార్డు 8 ఎంబీ. ఇప్పటి ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలకే నిండిపోయే జాగా! అయినా అప్పటికి అదే గొప్ప.

ఆ ప్లేస్టేషన్ 2 ప్రపంచంలో పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన దేశంలో దాని ఆయుష్షు మరీ ఎక్కువ. 2009లో మన హైదరాబాదు కంపెనీలే దానికి ఆటలు తయారుచేశాయంటే నమ్ముతారా? అరోనా అనే సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. గేమ్‌శాస్త్ర వాళ్లు కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా కలిపి 'దేశీ అడ్డా' చేశారు. మన గిల్లీదండాను టీవీలో ఆడడమేమిటని మావారు ఇప్పటికీ నవ్వుతారు.

మా ఇంట్లో ఉన్నదీ ఆ పాత మెషినే. నా పుట్టిల్లూ, మెట్టినిల్లూ రెండూ కోడుమూరే. 2008లో తమ్ముడు ఇంజనీరింగులో చేరినప్పుడు మా నాన్న కర్నూలులో కొనిచ్చాడు. వాడు ఉద్యోగానికి హైదరాబాదు పోతూ దుమ్ము పట్టకుండా గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. రెండేళ్ల క్రితం మా పెద్దోడు దాన్ని దించి, ఎరుపు, తెలుపు, పసుపు తీగలు టీవీకి గుచ్చి, ఏం చేశాడో ఏమో నడిపించేశాడు. వాడిది కార్ల పందెం, 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్'. అందులో పదిహేనుమంది మొనగాళ్లుంటారు. ఒక్కొక్కరినే ఓడిస్తూ పైకి పోవాల. వీడు ఆరో వాడి దాకా వచ్చాడు.

ఒక ఆదివారం వంటింట్లోకి వచ్చి అడిగాడు.

"మా, కార్డు నిండిపోయిందంట. మామవి తీసేస్తే నాది పడుతుంది. తీసేద్దునా?"

"మామవి ఏమున్నాయిరా అందులో?"

"ఏవో పాత కుస్తీవి మా. ఎవురో మీసాలాయన ఉన్నాడు, కండలు తిరిగి... పేరు మాస్టారంట!"

గరిటె పక్కన పెట్టేసి పోయాను.

చెప్పాలి కదూ. మా నాన్న బడిపంతులు. ఊళ్లో అందరికీ ఆయన మాస్టారే. 2009 ఎండాకాలం సెలవుల్లో మా తమ్ముడు 'స్మాక్‌డౌన్' కుస్తీల ఆటలో మనకు నచ్చినట్టు మల్లయోధుణ్ణి తయారుచేసుకునే చోట కూచుని, నాన్నను తయారుచేశాడు. గుబురు మీసం, ముందు బట్టతల, ఎర్ర లంగోటి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'మాస్టారు'. నాన్న కోప్పడతాడని మేమందరం భయపడితే, ఆయన పేపరు దించి చూసి, "నా మీసం అంత లావుందా?" అన్నాడంతే. ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి మంచం మీద నుంచి, "ఈ పొద్దు నేను ఎవురితో?" అని అడిగేవాడు. ఆ ఎండాకాలమంతా మా నాన్న అండర్‌టేకర్‌ను, బిగ్ షోను ఎత్తి కుదేశాడు.

2016లో నాన్న పోయాడు. ఆయన ఫోటోలు మా దగ్గర నాలుగున్నాయి. నాలుగింటిలోనూ కాలరు గుండీ పెట్టుకుని ఊపిరి బిగబట్టినట్టుంటాడు. ఈ మల్లయోధుడూ నవ్వడనుకోండి, ఎప్పుడూ కళ్లురుముతూనే ఉంటాడు. కానీ ఆ మీసం చూస్తే ఆ ఎండాకాలం మొత్తం గుర్తొస్తుంది. అట్లాగని మావాడి పందెం ఆపమనడం న్యాయం కాదు. వాడి ఏడాది కష్టమూ కష్టమే కదా! ఇద్దరిదీ ఉండాల. 8 ఎంబీల్లో ఇద్దరికీ చోటు లేదు.

మెషినులోనే ఒక దారి

అందరికీ సులువైనది ముందు చెప్తాను. ప్లేస్టేషన్ 2కు కార్డులు పెట్టడానికి రెండు అరలుంటాయి. డిస్కు లేకుండా మెషిను వేస్తే 'బ్రౌజర్' అని వస్తుంది. అందులోకి పోతే కార్డులో దాచిన ఒక్కో ఆటా ఒక్కో బొమ్మగా గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది. రెండో అరలో ఖాళీ కార్డు పెట్టి, బొమ్మను ఎంచుకుని 'కాపీ' నొక్కితే అందులోకి పోతుంది. పక్కనే 'డిలీట్' ఉంటుంది, వేలు జాగ్రత్త! డిలీట్ అనగానే కొన్ని ఆటల బొమ్మలు బెదిరిపోయినట్టు ముఖం పెడతాయి. ఎవరు ఆలోచించారో గానీ నాకు ఆ ముచ్చట చాలా నచ్చింది.

కొత్త కార్డు కొనేటప్పుడు ఒక సంగతి. సోనీ వాళ్ల అసలు కార్డు 8 ఎంబీదే. 64, 128 అని పైన రాసి చవగ్గా అమ్మే వేరే కార్డులు ఎప్పుడు మొరాయిస్తాయో తెలీదు. అట్లాంటిదాన్ని నమ్మి పాతది చెరిపేయొద్దు.

అయితే రెండు కార్డులూ ఒకే డబ్బాలో, ఒకే అటక మీద ఉంటే ఏం లాభం? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంగతి మా జిల్లాలో మరిచినవాళ్లుండరు. మా ఊరి పక్కన పారే హంద్రీయే అక్కడ తుంగభద్రలో కలిసేది. పాతబస్తీలో మా చిన్నమ్మ వాళ్లింట్లో బీరువా నిలువునా నీళ్లలో నిలబడింది. టీవీ, ఫ్రిజ్జు మళ్లీ కొనుక్కున్నారు. పెళ్లి ఆల్బం మాత్రం, ఒకదానికొకటి అతుక్కుపోయిన అట్టల ముద్దగా ఇప్పటికీ దాచుకున్నారు, పారేయలేక. ఒక నకలు ఆ ఇల్లు దాటి ఉండాలని మా ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది. ఇల్లు దాటించాలంటే కంప్యూటర్లోకి ఎక్కించాల్సిందే.

కంప్యూటర్లోకి ఎక్కించడం

ప్లేస్టేషన్ 2కు ముందువైపు పెన్‌డ్రైవు గుచ్చే యూఎస్‌బీ రంధ్రాలున్నాయి. కానీ ఆట సేవులను నేరుగా పెన్‌డ్రైవులోకి పంపే సదుపాయం సోనీ వాళ్లు అందులో పెట్టలేదు. ఆ లోటును ఔత్సాహికులు తీర్చారు. 'ఫ్రీ ఎంసీబూట్' అని 2008లో బయటికి వచ్చిన ప్రోగ్రాము అది. ఒక మెమరీ కార్డులో దాన్ని ఎక్కించి ఉంచితే, మెషిను వేయగానే కొత్త మెనూ వస్తుంది. అట్లా ఎక్కించిన కార్డులే ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, కొన్ని వందల్లో దొరుకుతాయి. మేమూ అదే తెప్పించుకున్నాం. కొనే ముందు మెషిను వెనక రాసి ఉన్న నంబరు చూసుకోండి. చివర్లో వచ్చిన 90000 వరస మెషిన్లలో చాలావాటిలో ఇది పనిచేయదు.

పెన్‌డ్రైవు 8 లేదా 16 జీబీ చిన్నదైతే మేలు. అది 'ఫ్యాట్32' పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, వేరే పద్ధతిలో ఉంటే ఈ ముసలి మెషిను దాన్ని గుర్తుపట్టదు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవు తెచ్చి గుచ్చొద్దు!

ఇక పని. కొత్త కార్డు మొదటి అరలో, పాత కార్డు రెండో అరలో, పెన్‌డ్రైవు ముందర. మెషిను వేస్తే వచ్చే మెనూలో 'యూలాంచ్ఎల్ఫ్' అని ఉంటుంది. దాన్ని తెరిచి 'ఫైల్ బ్రౌజర్' లోకి పోవాలి. అక్కడ 'ఎంసీ0' అంటే మొదటి కార్డు, 'ఎంసీ1' అంటే రెండోది, 'మాస్' అంటే పెన్‌డ్రైవు. ఎంసీ1 తెరిస్తే ఆటల పేర్లకు బదులు ఏవో కోడు అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఖంగారు పడొద్దు. ఆ నంబరు ఆట డిస్కు మీద కూడా ఉంటుంది, చూసి పోల్చుకోవచ్చు. కావలసిన దాని మీద నిలబడి ఆర్1 బొత్తాం నొక్కితే చిన్న జాబితా వస్తుంది. అందులో 'కాపీ' అనాలి. వెనక్కి వచ్చి మాస్‌లోకి పోయి, మళ్లీ ఆర్1 నొక్కి 'పీఎస్‌యూ పేస్ట్' అనాలి. ఆ ఆటకు సంబంధించిన ఫైళ్లన్నిటినీ మూటగట్టి ఒకే ఫైలుగా పెడుతుంది. మామూలు 'పేస్ట్' కన్నా ఇదే మంచిది, మూటలోంచి ఏదీ జారిపోదు.

రెండు ఆటలకూ కలిపి మాకు పావుగంట పట్టలేదు. అందులోనూ సగం సేపు, తీగ కదిలిస్తావని పిల్లలిద్దరూ కొట్టుకోవడంతో సరిపోయింది. పెన్‌డ్రైవు తీసి ల్యాప్‌టాపులో గుచ్చితే రెండు చిన్న ఫైళ్లు. మా నాన్న, ఆయన మీసంతో సహా, ఒక ఫోటో కన్నా తక్కువ జాగాలో ఉన్నాడు.

ఇక్కడితో పని అయిపోయిందనుకుని చాలామంది పాతది చెరిపేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టాక కూడా నాలుగో రోజు తీసి చూస్తామా లేదా? నకలు తిరిగి మెషినులోకి వస్తుందో లేదో చూడకుండా అసలును ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాను. మావాడు ఆ మూటను పెన్‌డ్రైవు నుంచి కొత్త కార్డులోకి 'పీఎస్‌యూ పేస్ట్' చేశాడు. తర్వాత పాత కార్డు బయటికి లాగేసి, కుస్తీ డిస్కు వేశాం. పిల్లలిద్దరూ, మా అత్తమ్మా, తలుపు దగ్గర మావారూ. పేర్ల జాబితా కిందికి జరిగి జరిగి చివరికి 'మాస్టారు' దగ్గర ఆగింది. ఎర్ర లంగోటీ కట్టుకుని బరిలోకి నడిచొచ్చాడు మా నాన్న.

"మాస్టారేనా అది? అబ్బ... ఏం మీసంరా!" అన్నది, కూడు పెడుతుందా అని అడిగిన మా అత్తమ్మే.

ఆ ఫైలు తమ్ముడికి మెయిల్లో పంపాను. వాడు ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాన్నకు ఇంకా కేన్‌తో మ్యాచు బాకీ ఉందక్కా, ఉగాదికి వచ్చి ఆడతా" అన్నాడు. వచ్చాడు, ఆడాడు, ఓడిపోయాడు. చెయ్యి తిరగడం లేదట!

మరి కొత్త మెషిన్ల సంగతి?

మీ ఇంట్లో ప్లేస్టేషన్ 4 ఉంటే ఇంత అవస్థ లేదు. సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా నిర్వహణ అని ఉంటుంది. అందులో సిస్టమ్ స్టోరేజీలో ఉన్నవాటిని యూఎస్‌బీ పరికరంలోకి కాపీ చేయమంటే చేస్తుంది. పెన్‌డ్రైవులో 'పీఎస్4' అని ఒక ఫోల్డరు తయారవుతుంది. దాన్ని అట్లాగే, లోపల ఏమీ కదపకుండా, కంప్యూటర్లో పెట్టుకోవాలి. ఒక మెలిక ఏమంటే ఆ నకలు ఏ అకౌంటుతో తీశారో ఆ అకౌంటుకే పనికొస్తుంది. పిల్లవాడి అకౌంటు పేరు, పాస్‌వర్డు మీరూ ఒకచోట రాసిపెట్టుకోండి. పాత మెషిన్లు చేతులు మారుతున్న రోజులు కదా, అమ్మేముందు, రిపేరుకు ఇచ్చేముందు ఈ పని తప్పక చేయాలి. రిపేరు షాపులో చాలాసార్లు మొదట చేసేపనే అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించడం.

ప్లేస్టేషన్ 5 దగ్గరికి వచ్చేసరికి కంపెనీ వాళ్లు తాళం బిగించారు. దాని ఆటల సేవులను విడిగా పెన్‌డ్రైవులోకి తీయనివ్వరు. నెలనెలా డబ్బు కట్టే ప్లస్ చందా ఉంటే వాళ్ల సర్వర్లలో దాచుకోవచ్చు, లేదంటే మెషిను మొత్తాన్ని ఒక పెద్ద యూఎస్‌బీ డ్రైవులోకి బ్యాకప్ తీయాలి. పిల్లవాడి కష్టానికి మనం అద్దె కట్టడమేమిటో నాకు మింగుడుపడలేదు. ఆ మాటకొస్తే ఎక్స్‌బాక్స్ వాళ్లు నయం, నెట్టు ఉంటే చందా లేకుండానే సేవులను తమ దగ్గర దాస్తారు. నింటెండో స్విచ్‌లో అయితే, మనం వేసిన మెమరీ కార్డులో ఆటలు ఉంటాయి గానీ సేవులు ఉండవు, అవి మెషిను లోపలే. కార్డు తీసి దాచి, అన్నీ భద్రమనుకుంటే పొరపాటే.

చేతిలో పట్టుకుని ఆడే పాత పీఎస్‌పీ ఎవరింట్లోనైనా సొరుగులో పడి ఉంటే అదృష్టవంతులు. తీగతో కంప్యూటరుకు కలిపి, మెషినులో యూఎస్‌బీ అని ఎంచుకుంటే పెన్‌డ్రైవులాగే తెరుచుకుంటుంది. అందులో 'పీఎస్‌పీ', దానిలోపల 'సేవ్‌డేటా'. ఆ ఫోల్డరును లాగి కంప్యూటర్లో వేసుకుంటే సరి.

ఇంట్లో కంప్యూటరు లేకపోతే నెట్ సెంటరులో చేయించుకోవచ్చు. అక్కడి మెషిన్ల వైరసులు పెన్‌డ్రైవుకు ఎక్కకుండా చూసుకోవాలి, వీలైతే ఆ ఫైళ్లను మన మెయిలుకే పంపుకుని పెన్‌డ్రైవు ఖాళీ చేసుకోవాలి. సేవ్ అవుతోందని టీవీ మీద రాసి ఉన్నంతసేపు మెషినూ ఆపొద్దు, కార్డూ లాగొద్దు. సగం రాసిన సేవ్ ఎందుకూ పనికిరాదు. అందుకే పిల్లలు "ఒక్క నిమిషంమా" అన్నప్పుడు స్విచ్చి తీసేయకండి.

కోడు అక్షరాల ఫైళ్లు ఆరునెలలు పోతే ఏది ఏదో మనకే తెలీదు. ఏ ఆట, ఎవరిది, ఏ తేదీన తీశామని ఒక కాగితం మీద రాసి పెన్‌డ్రైవుకు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. మొత్తం కలిపి అరగంట పని. కరెంటు నిలకడగా ఉన్న పూట చూసి మొదలుపెట్టండి.